సార్ వెళ్ళిపోతారంట, ఏం చెయ్యాలన్నా?

మామూలుగా ఈ పేజీకి మోకాలి నొప్పులు, బూట్ల ధరలు, స్పోర్ట్స్ కోటా సందేహాలు వస్తుంటాయి. ఈసారి సంచీ విప్పితే సగానికి పైగా ఉత్తరాల్లో ఒకటే గొడవ, కోచ్ ఉంటారా పోతారా అని. అందుకే మిగతావన్నీ వచ్చే సంచికకి పక్కన పెట్టి, ఈ వారం ఇవే తీసుకున్నా. మోకాలి నొప్పివాళ్ళు ఏమీ అనుకోకండి, ఈలోపు కాస్త ఐసు పెట్టుకోండి.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ అయిపోయి నాలుగేళ్ళయింది, ఇప్పుడు లీలామహల్ దగ్గర సెల్‌ఫోన్ షాపులో పని చేస్తున్నా, అయినా సాయంత్రం వీలైతే చాలు మా కాలేజీ గ్రౌండ్‌కే పోతా. ఆరేళ్ళ కిందట మా ఫుట్‌బాల్ జట్టంటే నవ్వేవాళ్ళు, ఇంటర్ కాలేజియేట్‌లో మొదటి రౌండ్ ఆడి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసేవాళ్ళం. అప్పుడు ఈ సార్ వచ్చారు. వరసగా మూడేళ్ళ నుంచి కప్పు మాదే, యూనివర్సిటీ జట్టులో నలుగురు మావాళ్ళే. ఇప్పుడేమో చెన్నై వైపు ఏదో ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు పిలిచారంట, జీతం రెండింతలంట, ఉండటానికి క్వార్టర్స్ కూడానంట. అడిగితే సార్ నవ్వి ఊరుకుంటారు. మా వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే రచ్చ. కొందరు ప్రిన్సిపాల్ రూము ముందు కూర్చుందామంటారు, కొందరు సార్ ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుందామంటారు, ఒకడైతే ‘డబ్బుకి అమ్ముడుపోయాడు’ అని కూడా పెట్టాడు. అసలు ఆయన ఉంటారా పోతారా తేల్చుకునేదెట్లా అన్నా?
– ఒక పాత విద్యార్థి, తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ‘అమ్ముడుపోయాడు’ గాడి చేత ఆ మెసేజ్ తీయించు. సార్ మీ గ్రూపులో లేకపోయినా ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ పంపే ఉంటాడు, అట్లాంటివాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు.

ఇక నీ ప్రశ్న. ఉంటారా పోతారా అని మీరు సార్‌నే అడుగుతున్నారు, తప్పంతా అక్కడే ఉంది. ఆయనేం చెప్పగలరు చెప్పు? అవతలి నుంచి ఆర్డర్ కాగితం ఇంకా చేతికొచ్చినట్టు లేదు. ‘పోతున్నా’ అన్నారంటే రేపట్నుంచి పిల్లలు ఆయన మాట వినరు, పైగా కాలేజీవాళ్ళు ‘అయితే ఈ నెలాఖరుకే లెక్క చూసేద్దాం’ అంటారు. ‘పోను’ అని చెప్పి తర్వాత పోతే, మీ నోళ్ళలోనే ఆయన అబద్ధాలకోరు. నవ్వి ఊరుకోవడం కన్నా మర్యాదైన జవాబు ఆయన దగ్గర ఇంకోటి లేదు, ఆ మర్యాదని మీరు దోషంగా చూస్తున్నారు.

ఇట్లా అడిగి అడిగి మనిషి చేత అబద్ధం ఆడించడం అమెరికాలో పెద్ద ఎత్తున జరిగింది. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన ఆట కాదులే, కోడిగుడ్డులాంటి బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, కానీ అభిమానుల పిచ్చి మాత్రం మనదే. నిక్ సేబన్ అని ఒక కోచ్ 2006లో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి పని చేస్తున్నాడు. అలబామా యూనివర్సిటీకి పోతున్నావంట గదా అని విలేకరులు రోజూ అదే పాట. డిసెంబర్‌లో విసిగిపోయి, ‘అలబామా కోచ్‌ని నేను కాబోవడం లేదు, చాలా?’ అన్నాడు. రెండు వారాలు తిరక్కుండానే, 2007 జనవరి 3న, అలబామాలోనే చేరాడు. అక్కడ ఆరు జాతీయ టైటిళ్ళు గెలిపించి 2024 జనవరిలో రిటైరయ్యాడు, ఇప్పటికీ ఆయన పేరెత్తితే మయామీలో ఎవరో ఒకరు ఆ డిసెంబర్ మాట గుర్తు చేస్తారు. ఆయన అన్నది తప్పే, కాదనను, కానీ ఆ ప్రశ్నకి ఒప్పు జవాబు ఏదో నువ్వు చెప్పు చూద్దాం.

ఇంకోటి, మీకు దీనికన్నా ముఖ్యమైనది. పుకారు వల్ల ఆట చెడుతుంది. 1957లో టెక్సాస్ ఏ అండ్ ఎం కాలేజీ జట్టు వరసగా ఎనిమిది మ్యాచ్‌లు గెలిచి దేశంలో నంబర్ వన్‌గా ఉంది. కోచ్ బేర్ బ్రయంట్. సీజన్ ఇంకా నడుస్తుండగానే ఆయన తను చదువుకున్న అలబామాకి వెళ్ళిపోతున్నాడని వార్త బయటికి పొక్కింది. అంతే, రైస్ యూనివర్సిటీ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడారు, తర్వాత టెక్సాస్ యూనివర్సిటీ చేతిలో రెండు పాయింట్లతో, ఆఖరికి గేటర్ బౌల్ అనే సీజన్ చివరి మ్యాచ్‌లో టెన్నెసీ చేతిలో మూడు పాయింట్లతో. ఒకటి, రెండు, మూడు. నేను దీన్ని పదేపదే చెప్తుంటా, మా ఇంట్లో వాళ్ళకి కూడా విని విని విసుగొచ్చింది. ఎందుకు పోయావు అంటే బ్రయంట్ చెప్పిందేమిటంటే, అమ్మ (అంటే తను చదువుకున్న కాలేజీ) పిలిచింది, అమ్మ పిలిస్తే పరిగెత్తుకుంటూ పోవాల్సిందే అని. ఆ మాటకి మాత్రం మన దగ్గర ఎవరూ ఎదురు చెప్పలేరు. కానీ నేను చెప్పేది ఆ మూడు మ్యాచ్‌ల గురించి. మీ పిల్లలకి ఇంటర్ కాలేజియేట్ ముందుందా? అయితే మీ గ్రూపులో ఈ చర్చ ఆపండి. మీకది సాయంత్రం కాలక్షేపం, పంతొమ్మిదేళ్ళ స్ట్రైకర్‌కి మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

మరి ఎవరిని అడగాలి అంటావు. యాజమాన్యాన్ని. ఆయన రెగ్యులర్ పోస్టులో ఉన్నారా, ఏడాదికోసారి రెన్యూ చేసే కాంట్రాక్టా? నువ్వు రాయలేదు గానీ రెండోదే అని నా అనుమానం, లేకపోతే ఇంత తేలిగ్గా పిలుపు రాదు, ఇంత తేలిగ్గా మనసు కదలదు. ఆరేళ్ళ పాటు ప్రతి జూన్‌లో ‘ఈ ఏడు ఉంటానా సార్’ అని ఆఫీసు రూము బయట బెంచీ మీద కూర్చున్న మనిషిని, ఈ ఒక్కసారి ఆయనకి ఛాయిస్ వచ్చేసరికి నమ్మకద్రోహి అంటున్నారు. మూడు కప్పులు ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలోనే ఉంటాయి గదా, తనిఖీకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తారు గదా. ఆ బీరువా ముందు నిలబడి అడగండి, ఈ సార్ జీతం ఎంత, పోస్టు రెగ్యులర్ చేసే ఆలోచన ఉందా, ప్రయాణ ఖర్చులు ఎవరు పెట్టుకున్నారు అని. అయిదారుగురు పెద్దమనుషుల్లాంటి పాత విద్యార్థులు ఒక కాగితం మీద రాసుకుని పోండి, ఇన్‌షర్ట్ చేసుకుని. ఇవ్వగలిగితే ఇస్తారు, లేదంటే లేదని ముఖాన చెప్తారు. లేదన్నారంటే ఇంక సార్ పోవడం గురించి మీకు నోరు లేదు.

ధర్నా మాత్రం వద్దు. ఇది నా అనుభవం. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌కి బదిలీ అయితే ముప్పై మందిమి గేటు ముందు కూర్చున్నాం, అరిచాం, ఒకడు గోడ మీద బొగ్గుతో ఏదో రాశాడు కూడా. బదిలీ ఆగలేదు. పైగా స్టూడెంట్లని రెచ్చగొట్టారని ఆయనకి మెమో ఇచ్చారు. ఈ సంగతి మాకు తెలీదు. పన్నెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో పక్కపక్క విస్తళ్ళలో కూర్చున్నప్పుడు, ఆ మెమో వల్ల ఇంక్రిమెంట్ ఒకటి ఆలస్యమైందిలేరా అని, పప్పు కలుపుకుంటూ, చాలా మామూలుగా చెప్పారు. నాకు ముద్ద దిగలేదు.

సార్ దగ్గర మీరు అడగదగ్గవి కొన్ని ఉన్నాయి, ఉండమని కాదు. పోయేట్టయితే టోర్నమెంట్ అయ్యాక పోండి సార్ అని అడగొచ్చు. పిల్లలకి మీ నోటితో మీరే చెప్పండి సార్, వాట్సాప్‌లో తెలియనివ్వకండి అని అడగొచ్చు. మీరు రోజూ చేయించే ప్రాక్టీస్ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి అని కూడా. ఈ ఆఖరిది చిన్న విషయం కాదు. హైదరాబాద్ రహీమ్ సాబ్ గురించి మీలో ఎంతమందికి తెలుసో. సయ్యద్ అబ్దుల్ రహీమ్, స్కూలు టీచరుగా మొదలైన మనిషి, ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి అయిదేళ్ళు వరసగా రోవర్స్ కప్పు అనే పేరున్న టోర్నమెంట్ కొట్టింది. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, మూడుసార్లూ కోచ్ ఆయనే. జకార్తాలో కొరియా మీద ఆ 1962 ఫైనల్ గెలిచే నాటికే ఒంట్లో క్యాన్సర్ ఉంది, 1963 జూన్‌లో పోయారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మనకి మళ్ళీ రాలేదు. ఒక్క మనిషి తలలో ఉన్నదంతా ఆయనతోనే పోతే ఎట్లా ఉంటుందో దేశమే చూసింది, ఇంక మీ కాలేజీ ఎంత. మీ సార్ పోయేది చెన్నైకే గదా, బస్సెక్కితే నాలుగు గంటలు, ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఈలోపు బాగా ఆడే పాత విద్యార్థుల్ని ఇద్దర్ని ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) డీ లైసెన్స్ కోర్సుకి పంపండి. కోచింగ్ మెట్లలో అది కింది మెట్లలో ఒకటి, కొద్ది రోజుల్లో అయిపోతుంది, ఫీజు గ్రూపులో తలా కాస్త వేసుకుంటే సరిపోతుంది. రోజూ రచ్చకి టైమున్నవాళ్ళకి దీనికీ ఉండాలి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఇక్కడ ఉన్నన్ని రోజులు క్రికెట్ కూడా సరిగా చూసేవాడు కాదు. ఆమధ్య ఫోన్ చేసి, వాళ్ళ కాలేజీ కోచ్ వేరే కాలేజీకి పోయాడని, అన్నం తినబుద్ధి కావడం లేదని చెప్పాడు. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్, ఏమైందో ఏమో అని. చదువు మీద పడాల్సింది గదా, ఇదేం పిచ్చి? ఆ కోచ్‌లకి కోట్లలో జీతాలంటున్నాడు, నిజమేనా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నిజమేనండీ, మీవాడికి ఏమీ కాలేదు, ఆవిడకి ధైర్యం చెప్పండి. ఆ ఊరు ఊరంతా అప్పుడు అట్లాగే ఉంది.

మీవాడు చెప్పింది లేన్ కిఫిన్ గురించి అయ్యుండాలి. 2025లో ఆ జట్టు పన్నెండు మ్యాచ్‌లలో పదకొండు గెలిచింది, ఆ యూనివర్సిటీకి మామూలు సీజన్‌లో అన్ని గెలుపులు ఎప్పుడూ లేవు. జాతీయ టైటిల్ కోసం పన్నెండు జట్లు ఆడే ప్లేఆఫ్ ముందుంది. సరిగ్గా అప్పుడు, నవంబర్ 30న, ఆయన లూసియానా స్టేట్ యూనివర్సిటీకి పోతున్నానన్నాడు. ఎక్కడో దూరం కాదు, ఏటేటా వీళ్ళతో తలపడే పక్క రాష్ట్రం జట్టు. ప్లేఆఫ్ దాకా ఉండి ఆడించి పోతానంటే యూనివర్సిటీవాళ్ళు కుదరదన్నారు. విమానాశ్రయం దగ్గర జనం చేరి తిట్టి మరీ సాగనంపారు. ఇది ఆయనకి కొత్తేమీ కాదు, 2010 జనవరిలో టెన్నెసీని ఒక్క ఏడాదికే వదిలి కాలిఫోర్నియా పోయినప్పుడు అక్కడి స్టూడెంట్లు రోడ్డు మీద పరుపులు తగలబెట్టారు.

నా మట్టుకు నాకు ఆయన పోవడం తప్పు కాదు, పోయిన టైము తప్పు. పెళ్ళి పీటల మీద కూర్చోబెట్టి పురోహితుడు లేచిపోయినట్టుంది. అయితే అందులో సగం తప్పు అక్కడి పద్ధతిది, ఆటలు ఇంకా మిగిలుండగానే కోచ్‌ల బేరాలు మొదలవుతాయి, కొత్త కుర్రాళ్ళని చేర్చుకునే గడువు కూడా అప్పుడే మీదికొస్తుంది, ఆగితే అవతలివాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారు. ఏ ధనవంతుడి విమానం ఏ ఊర్లో దిగిందో ఫోన్లో చూస్తూ మన కోచ్ ఎక్కాడా లేదా అని లెక్కలు వేసే అభిమానులు ఉన్నారక్కడ, నేను ఎగతాళికి చెప్పడం లేదు.

జీతం సంగతి. కొత్త చోట కిఫిన్‌కి ఏడాదికి దాదాపు కోటీ ముప్పై లక్షల డాలర్లు, మన లెక్కలో వంద కోట్ల పైమాటే. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళలో అందరికన్నా ఎక్కువ వచ్చేది గవర్నర్‌కి కాదు, కాలేజీ కోచ్‌కి. తీసేసినా డబ్బే, ఇందాక చెప్పిన టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ళు 2023 నవంబర్‌లో కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు మిగిలిన ఒప్పందానికి కట్టాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లు దాటింది. పని చెయ్యొద్దు బాబూ అని చెప్పడానికి అంత.

మీవాడిని సంతోషపెట్టే మాట ఒకటుంది, ఈపాటికి తెలిసే ఉంటుంది. కిఫిన్ పోయాక ఆయన దగ్గర అసిస్టెంట్‌గా డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌కే జట్టు అప్పజెప్పారు. ఆ జట్టు ప్లేఆఫ్‌లో రెండు మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్ దాకా పోయింది. తిరుపతి తమ్ముడికి నోటు పుస్తకం, అసిస్టెంట్లు అని అంత నసపెట్టింది ఇందుకే.

చదువు గురించి దిగులు పడకండి. ఊరు కాని ఊర్లో ఒక్కడే ఉన్న కుర్రాడు పదిమందితో కలిసి దేనికో ఒకదానికి బాధ పడుతున్నాడంటే వాడికి అక్కడ మనుషులు దొరికారన్నమాట.

ప్రశ్న: మా వారు ఒక కాలేజీలో కోచ్. ఎక్కడ అనేది రాయను. ఆయన పోతున్నారని ఎవరో పుట్టించారు, రోజూ ఇంటికి ఫోన్లు, కూరగాయల దగ్గర కూడా అడుగుతున్నారు. నిన్న మా పాపని స్కూల్లో ‘మీ నాన్న పారిపోతున్నాడంట గదా’ అన్నారంట. నిజానికి మేమే ఇంకా ఏమీ అనుకోలేదు. పాప చదువు, మా అత్తగారి డయాలసిస్, ఇవన్నీ ఉన్నాయి. అభిమానులకి ఏం చెప్పమంటారు?
– ఒక గృహిణి

జవాబు: ఏమీ చెప్పకండమ్మా. మీ ఉత్తరం ఉన్నదున్నట్టు వేస్తున్నా, నా జవాబు కన్నా అదే ఎక్కువ పని చేస్తుంది.

ఒకటి మాత్రం. మీ వారిని పాపతో కూర్చుని మాట్లాడమనండి, ఇంకా ఏమీ తేలలేదమ్మా, తేలితే అందరికన్నా ముందు నీకే చెప్తాం అని. అది ఆడపిల్ల స్కూల్లో నిలబడి చెప్పుకోవడానికి సరిపోతుంది. అత్తగారి డయాలసిస్ గురించి కొత్త చోటివాళ్ళని మొహమాటం లేకుండా ముందే అడగమనండి, దగ్గర్లో ఎక్కడ చేస్తారు, ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు వస్తారా లేదా అని. జీతం చూసి చేరిపోయి తర్వాత వారానికి మూడుసార్లు ఆస్పత్రికి కారు కట్టించుకునేవాళ్ళని చూశాను. ఆ ఒక్క జవాబుతోనే మీ నిర్ణయం తేలిపోవచ్చు, దానికీ ఫుట్‌బాల్‌కీ ఏ సంబంధమూ లేదు.

ప్రశ్న: సార్, నేను సెకండియర్, లెఫ్ట్ బ్యాక్ ఆడతాను, యూనివర్సిటీ జట్టుకి కూడా ఆడాను. మా కోచ్ సార్ వేరే చోటికి పోతే నేనూ ఆయనతో పాటే పోవాలా? ఇక్కడే ఉంటే నా సర్టిఫికెట్లు ఎవరిస్తారు?
– తిరుపతి నుంచి ఒక ఆటగాడు

జవాబు: నాయనా, మొదట సర్టిఫికెట్ సంగతి, ఎందుకంటే మీ ఈడు పిల్లల్ని ఈ భయంతోనే ఆడిస్తుంటారు. యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా కోసం కావల్సింది ఫారం-3. దాని మీద సంతకం చేసేది యూనివర్సిటీ క్రీడా విభాగం అధికారి, మీ కోచ్ కాదు. కోచ్ ఉన్నా పోయినా ఆ హక్కు నీదే. ఇప్పుడే పోయి అడిగి తెచ్చుకో, రెండు జెరాక్సులు తీయించి ఒకటి ఇంట్లో పెట్టు. ఉద్యోగం నోటిఫికేషన్ పడ్డాక ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళని ఏటా చూస్తున్నా.

వెంట పోవడం గురించి. అమెరికాలో అయితే 2018 నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది, కోచ్ పోతే ఆటగాళ్ళు కూడా పేరు పెట్టుకుని వేరే కాలేజీకి మారిపోవచ్చు, మారిపోతారు కూడా. ఇక్కడ డిగ్రీ మధ్యలో యూనివర్సిటీ మారడమంటే టీసీ, మైగ్రేషన్, అక్కడి సిలబస్‌తో నీ పేపర్లు సరిపోతాయో లేదో చూడటం, హాస్టల్ ఫీజు, ఇంత తతంగం. అవతల పూర్తి స్కాలర్‌షిప్ అని కాగితం మీద రాసిచ్చి, నీ సబ్జెక్టులు యథాతథంగా ఒప్పుకుంటే అప్పుడు మీ నాన్నతో కూర్చుని ఆలోచించు. నోటి మాటే అయితే కదలొద్దు. సార్ అక్కడ కూడా ఎన్నాళ్ళుంటారో ఆయనకే తెలీదు. ఇంకొక్క ఏడాది ఇక్కడ ఆడి డిగ్రీ పూర్తి చేసి పీజీకి అక్కడ చేరు, అప్పటికి లెఫ్ట్ బ్యాక్ ఖాళీ లేకపోతే చెప్పు, నేనే మాట్లాడతా. కుడి కాలుతో కూడా క్రాస్ వెయ్యడం నేర్చుకో ఈలోపు.

ప్రశ్న: వెళ్ళిపోయిన కోచ్ వచ్చే ఏడాది వేరే జట్టుని తీసుకుని మన తిరుపతికే మ్యాచ్‌కి వస్తే చప్పట్లు కొట్టాలా, గోల చెయ్యాలా?
– ముగ్గురు మిత్రులు, తిరుపతి

జవాబు: ఆయన గ్రౌండ్‌లోకి నడిచొచ్చేటప్పుడు లేచి నిలబడి కొట్టండి. విజిల్ పడ్డాక వాళ్ళ గోల్‌కీపర్‌ని మీరెట్లాగూ వదలరు.